టెర్మినల్‌లో ఈమెయిల్: పాత దారి మళ్లీ ఎందుకు తెరుచుకుంది, తెలుగు దగ్గర ఎందుకు ఇరుకైంది

క్లుప్తంగా: టెర్మినల్ అంటే బొమ్మలు, మౌస్ లేకుండా కీబోర్డ్‌తో ఆదేశాలిచ్చే నల్ల తెర. అందులో నడిచే మెయిల్ ఒక యాప్ కాదు. మెయిల్‌ను తెచ్చి దాచేది, వెతికిపెట్టేది, చూపించేది, పంపేది అని నాలుగు చిన్న ప్రోగ్రామ్‌ల జట్టు. కోడ్ రాసి పంపేవాళ్లకు, సిగ్నల్ సరిగా అందని చోట పనిచేసేవాళ్లకు ఈ విడివిడితనమే లాభం. లాగిన్ దగ్గర వచ్చే చిక్కులకూ కారణం అదే. తెలుగు ఉత్తరాలకు అడ్డం పడేది మాత్రం వేరు, అది గళ్ల లెక్క మీద నడిచే తెర.

ప్యాచ్ దగ్గర మొదలయ్యే తిరకాసు

నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో బీటెక్ చదువుతున్న ఒక విద్యార్థిని లినక్స్ కెర్నల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కోడ్‌లో, చిన్న తప్పు దిద్దిందనుకుందాం. కోడ్ సరిగ్గానే ఉంది. తన ల్యాప్‌టాప్‌లో నడిచింది కూడా. దాన్ని కెర్నల్ చూసుకునేవాళ్లకు చేర్చాలంటే కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో బటన్ నొక్కితే కాదు. కెర్నల్ పని ఇప్పటికీ ఈమెయిల్ మీదే నడుస్తుంది. చేసిన మార్పును (దీన్నే ప్యాచ్ అంటారు) అటాచ్‌మెంట్‌గా కాకుండా, రంగులూ బొమ్మలూ లేని సాదా అక్షరాల్లో, మెయిల్ లోపలే పెట్టి పంపాలి. ఆమె అలవాటు ప్రకారం బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, కోడ్ కాపీ చేసి, పేస్ట్ చేసి పంపుతుంది. అవతలివాళ్లు ఆ మార్పును తమ కోడ్‌కు కలపబోతే కలవదు.

కారణం కంటికి కనపడదు. కెర్నల్ కోడ్‌లో వరస ముందు వదిలే ఖాళీ ట్యాబ్‌తో పెడతారు. బ్రౌజర్‌లోని జీమెయిల్ ఆ ట్యాబ్‌లను మామూలు ఖాళీలుగా మార్చేస్తుంది. 78 అక్షరాల దగ్గర వరసను విరిచేస్తుంది. మనిషి చదివితే తేడా తెలియదు, ప్యాచ్ కలిపే ప్రోగ్రామ్‌కు మాత్రం అది వేరే కోడ్. జీమెయిల్ వెబ్‌పేజీ ప్యాచ్‌లు పంపడానికి పనికిరాదని కెర్నల్ వాళ్ల సొంత పత్రాల్లోనే రాసి ఉంది. ఇంగ్లీషు అక్షరమాలకు బయటి అక్షరం ఒక్కటి కనిపించినా జీమెయిల్ ఉత్తరం మొత్తాన్ని బేస్64 అనే సంకేత రూపంలోకి మార్చేస్తుందన్నది అక్కడే చెప్పిన మరో ఇబ్బంది. యూరప్ పేర్లలో అక్షరం నెత్తిన ఉండే చుక్క, గీత చాలు ఆ పని జరగడానికి. అలాంటప్పుడు చివర సంతకం తెలుగులో పెడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

ఇలాంటప్పుడే మట్, నియోమట్, ఆల్పైన్, ఏర్క్ అనే టెర్మినల్ మెయిల్ ప్రోగ్రామ్‌ల పేర్లు మొదటిసారి చెవిన పడతాయి. 2023లో మహబూబ్‌నగర్ శివారు దివిటిపల్లిలోను, నల్లగొండలోను ఐటీ టవర్లు తెరిచారు. సర్వర్లతో, లినక్స్‌తో పని ఇక హైదరాబాద్ కబురుగా మాత్రమే మిగల్లేదు. ఆ పనిలోకి దిగినవాళ్లు టెర్మినల్ మెయిల్‌ను ఏదో ఒక మలుపులో ఎదుర్కొంటారు. ఎదురైనప్పుడు ఇది కొత్త టెక్నాలజీయా, పాత చెత్తా అన్న అనుమానం వస్తుంది.

మధ్యలో జారిపోయిన తరం

ఇది పాతదే. లినక్స్‌కు ముందటి యూనిక్స్ కంప్యూటర్ల మీద ఎల్మ్ అనే మెయిల్ ప్రోగ్రామ్ 1986 నాటిది. వాషింగ్టన్ యూనివర్సిటీలో పైన్ అనే ఇంకో మెయిల్ ప్రోగ్రామ్ తయారీ 1989లో మొదలైంది. ఆ రెండూ చూసినవాడైన మైకేల్ ఎల్కిన్స్ 1995లో మట్ రాశాడు. 'మెయిల్ ప్రోగ్రామ్‌లన్నీ దరిద్రంగానే ఉంటాయి, ఇది కాస్త తక్కువ' అన్న అర్థం వచ్చే మాట దాని నినాదం. ముప్పై ఏళ్లు దాటినా ఆ నినాదం మార్చలేదు.

అదే 1995 ఆగస్టు 15న మన దేశంలో ప్రభుత్వ సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ సామాన్యులకు ఇంటర్నెట్ తెచ్చింది. అప్పటి చవక కనెక్షన్‌ను షెల్ అకౌంట్ అనేవారు. బొమ్మలుండవు, మౌస్ ఉండదు. ఫోన్ లైన్ మీద మోడెమ్‌తో కలిపితే నల్ల తెర మీద అక్షరాలు వస్తాయి, మెయిల్ చూడాలంటే పైన్ తెరవాలి. పెద్ద నగరాల్లో ఇంజినీరింగ్ చదివిన ఒక తరం ఈమెయిల్ నేర్చుకున్నదే అలా. నల్లగొండ, పాలమూరు ఆ మొదటి జాబితాలో లేవు. ఇక్కడికి ఈమెయిల్ వచ్చింది తరవాత, బస్టాండ్ పక్కన ఇంటర్నెట్ సెంటర్ రూపంలో. గంటకు ఇంత అని కట్టి యాహూ, హాట్‌మెయిల్ తెరిచేవారు. హాట్‌మెయిల్ మొదలైంది 1996 జులైలో, దాన్ని నిలబెట్టిన ఇద్దరిలో ఒకరు మన సబీర్ భాటియా. ఆ తరవాత నేరుగా స్మార్ట్‌ఫోన్. అంటే ఈ జిల్లాల్లో చాలామందికి మెయిల్ అంటే మొదటి నుంచీ ఒక వెబ్‌పేజీ, లేదా ఒక యాప్. దాని వెనుక ఏముందో చూడాల్సిన అవసరమే రాలేదు.

ఒక్క బటన్ వెనుక నలుగురు మనుషులు

తపాలా ఆఫీసుతో పోల్చితే విషయం తేలిగ్గా పట్టుబడుతుంది. ఉత్తరం డబ్బాలో వేసేది ఒకరు, సంచి మోసేది ఒకరు, ఊళ్లో పంచేది ఒకరు, ఇంట్లో విప్పి చదివేది ఒకరు. జీమెయిల్ యాప్‌లో ఈ నలుగురూ ఒకే చొక్కా వేసుకుని ఉంటారు. టెర్మినల్‌లో విడివిడిగా నిలబడతారు.

ఎంబీసింక్ అనే ప్రోగ్రామ్ ఐమ్యాప్ పద్ధతిలో (మెయిల్ సర్వర్‌తో ప్రోగ్రామ్‌లు మాట్లాడే భాష ఇది) సర్వర్ దగ్గరికి వెళ్లి మెయిళ్లు తెచ్చి, కంప్యూటర్‌లో మెయిల్‌డిర్ అనే ఫోల్డర్‌లో ఒక్కో ఉత్తరాన్ని ఒక్కో ఫైల్‌గా పెడుతుంది. నాట్‌మచ్ అనేది ఆ ఫైళ్లన్నిటికీ సూచిక తయారుచేస్తుంది, లక్ష మెయిళ్లున్నా వెతుకులాట క్షణాల్లో అయిపోతుంది. మట్ వాటిని చూపిస్తుంది. జవాబు రాయడం కూడా మట్ పని కాదు. రాయడానికి విమ్ లాంటి ఎడిటర్‌ను పిలుస్తుంది, రాసిందాన్ని ఎంఎస్‌ఎంటీపీ అనే ఇంకో ప్రోగ్రామ్ చేతిలో పెడుతుంది. అది సర్వర్‌కు అందిస్తుంది. మట్ స్వయంగా ఐమ్యాప్‌తో మాట్లాడగలదు, పంపగలదు కూడా. అయినా దీర్ఘకాలం వాడేవాళ్లలో ఎక్కువమంది చివరికి ఈ జట్టుకే వస్తారు, ఎందుకంటే ఒకటి నచ్చకపోతే అదొక్కటే మార్చుకోవచ్చు.

వీటికి ఇబ్బంది కూడా ఇక్కడే. నాలుగు ప్రోగ్రామ్‌లంటే నాలుగు సెట్టింగ్ ఫైళ్లు. మెయిల్ రాకపోతే తప్పు ఎవరిదో ముందు తేల్చుకోవాలి. మోటారు వేసినా నీళ్లు పడకపోతే స్టార్టరా, కేబులా, పైపా, అసలు బోరులో నీళ్లే లేవా అని రైతు వరసగా చూసుకుంటాడు చూడండి, అదే పని. ఏర్క్ ఈ బాధ కొంత తగ్గించింది. 2019లో వచ్చిన ఈ ప్రోగ్రామ్ మొదటిసారి తెరిచినప్పుడే అకౌంట్ వివరాలు అడిగి సెట్టింగ్స్ తానే రాసుకుంటుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మట్ కంటే ఇదే నయం.

పాస్‌వర్డ్ కరెక్టే, లాగిన్ మాత్రం కాదు

ఎక్కువమంది విసిగి వదిలేసేది ఇక్కడ. పాత యూట్యూబ్ వీడియో చూసి, అందులో చెప్పినట్టే 'లెస్ సెక్యూర్ యాప్స్' ఆన్ చేద్దామని వెళ్తే జీమెయిల్‌లో ఆ బటనే ఉండదు. వ్యక్తిగత అకౌంట్లకు గూగుల్ దాన్ని 2022 మే 30 నుంచి తీసేసింది. మైక్రోసాఫ్ట్ కూడా తన వ్యక్తిగత అవుట్‌లుక్ అకౌంట్లలో ఉత్త పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రామ్‌లు లాగిన్ అయ్యే దారిని 2024 సెప్టెంబర్ 16న మూసింది.

అసలు పాత పద్ధతిలో తప్పేమిటి? మెయిల్ ప్రోగ్రామ్‌కు పాస్‌వర్డ్ ఇవ్వడమంటే ఇంటి తాళంచెవి ఇవ్వడమే. దానితో మెయిల్ ఒక్కటే కాదు, ఫొటోలు, డ్రైవ్, మిగతావన్నీ తెరుచుకుంటాయి. ఈ దారిలో ఓటీపీ అడిగే వీలు కూడా లేదు. కొత్త పద్ధతి పేరు ఓఆథ్. ఇందులో పాస్‌వర్డ్ ప్రోగ్రామ్‌కు చేరదు. బ్రౌజర్‌లో యజమాని లాగిన్ అయి 'సరే' అంటే, సర్వర్ ప్రోగ్రామ్‌కు ఒక టోకెన్ ఇస్తుంది. ఆ టోకెన్ కొద్దిసేపే చెల్లుతుంది, ఎప్పటికప్పుడు కొత్తది తెచ్చుకోవాలి. యజమానికి నచ్చకపోతే దాన్నొక్కదాన్నే రద్దు చేయవచ్చు. మంచి ఏర్పాటే. కానీ బ్రౌజర్ పేజీ చూపించడం ఒక యాప్‌కు ఎంత సులువో, నల్ల తెర ప్రోగ్రామ్‌కు అంత కష్టం. అందుకే మట్ వాడేవాళ్లు ఓఆథ్ కోసం పక్కన మరో పైథాన్ స్క్రిప్ట్ పెట్టుకోవాల్సి వస్తోంది. నలుగురి జట్టులో ఐదో మనిషి.

జీమెయిల్‌లో మధ్యేమార్గం ఒకటుంది. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసుకుంటే, యాప్ పాస్‌వర్డ్ పేరుతో 16 అక్షరాల ప్రత్యేక పాస్‌వర్డ్ ఇస్తారు. పాత పద్ధతి ప్రోగ్రామ్‌లో దీన్ని పెట్టుకోవచ్చు. కాలేజీ ఇచ్చిన అకౌంట్లలో మాత్రం ఇది అడ్మిన్ చేతిలో ఉంటుంది. అక్కడ ఆపేసి ఉంటే విద్యార్థి ఎన్నిసార్లు పాస్‌వర్డ్ మార్చినా ఫలితం ఉండదు, తప్పు టైపింగ్‌లో లేదు కనుక.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాల్సిందే. ఆ 16 అక్షరాలను మట్ సెట్టింగ్ ఫైల్‌లో అలాగే రాసి, తరవాత 'నా సెట్టింగ్స్' అంటూ ఆ ఫైల్‌ను గిట్‌హబ్‌లో పెట్టడం కొత్తవాళ్లు తేలిగ్గా చేసే పొరపాటు. ఇలా బయటపడ్డ పాస్‌వర్డ్‌ల కోసం గాలించే ప్రోగ్రామ్‌లు రాత్రీ పగలూ తిరుగుతుంటాయి. పాస్‌వర్డ్‌ను జీపీజీ అనే ప్రోగ్రామ్‌తో తాళం వేసిన ఫైల్‌లో ఉంచి, అవసరమైనప్పుడు అక్కడి నుంచి చదివించే సౌకర్యం మట్‌లోనూ ఎంబీసింక్‌లోనూ ఉంది. వాడుకోవాలి అంతే.

సిగ్నల్, డేటా, కనపడని బొమ్మ

మన్ననూరు దాటి నల్లమలలోకి పోతున్నకొద్దీ ఫోన్‌లో గీతలు తగ్గుతూ పోతాయి. అలాంటి చోట మెయిల్‌డిర్ ఉపయోగం తెలుస్తుంది. సిగ్నల్ ఉన్న పది నిమిషాల్లో ఎంబీసింక్ కొత్త మెయిళ్లన్నీ దించుకుంటుంది. చదవడం, వెతకడం, జవాబు రాయడం తీరిగ్గా చేసుకోవచ్చు. రాసిన జవాబును వరసలో పెట్టి, మళ్లీ సిగ్నల్ దొరికినప్పుడు పంపే ఏర్పాటూ ఉంది. ఫోన్‌లోని జీమెయిల్ యాప్ కూడా మెయిళ్లు దాస్తుంది, కానీ మామూలుగా గత 30 రోజులవే. ఇక్కడ ఉన్నదంతా సొంత డిస్క్ మీదే ఉంటుంది.

మొదటిసారి దించుకోవడం మాత్రం ఒక పూట పని కాదు. ఐమ్యాప్ ద్వారా రోజుకు 2,500 ఎంబీ వరకే దించుకోవాలని గూగుల్ తన వర్క్‌స్పేస్ (సంస్థలకు ఇచ్చే) అకౌంట్లకు హద్దు పెట్టింది. 15 జీబీ నిండిన పెట్టె మొత్తం దించుకోవాలంటే ఆ లెక్కన కనీసం ఆరు రోజులు. పైగా జీమెయిల్ లేబుళ్లు ఐమ్యాప్‌లో ఫోల్డర్లుగా కనిపిస్తాయి కాబట్టి, ఒకే ఉత్తరం ఇన్‌బాక్స్‌లో ఒకసారి, 'ఆల్ మెయిల్'లో ఒకసారి వచ్చి పడుతుంది. ఆల్ మెయిల్‌ను జాబితాలోంచి తీసేస్తే చాలా భారం తగ్గుతుంది.

తేలికైన మెయిల్ కావాలనుకునేవాళ్లకు ఒకప్పుడు జీమెయిల్‌లోనే 'బేసిక్ హెచ్‌టీఎంఎల్' అనే సాదా పేజీ ఉండేది. 2024లో దాన్ని ఆపేశారు. టెర్మినల్ వైపు చూపు తిరగడానికి ఇదీ ఒక చిన్న కారణం.

ప్రచార మెయిళ్లలో కంటికి కనపడనంత చిన్న బొమ్మ ఒకటి పెట్టడం మామూలు. మెయిల్ తెరవగానే ఆ బొమ్మ కోసం సర్వర్‌కు కబురు వెళ్తుంది, ఫలానావారు ఫలానా టైముకి తెరిచారని పంపినవాళ్లకు తెలిసిపోతుంది. మట్ బొమ్మలు తెచ్చుకోదు కాబట్టి ఆ కబురు వెళ్లదు. రంగుల మెయిల్‌ను సాదా అక్షరాలుగా మార్చే పని టెర్మినల్‌లో నడిచే లింక్స్ (lynx) బ్రౌజర్‌కు అప్పజెబితే ఇంకో మేలు ఉంది. మెయిల్‌లోని లింకులన్నిటినీ అది చివర అంకెలు వేసి, పూర్తి అడ్రసులతో వరసగా చూపిస్తుంది. పైన 'మీ బ్యాంకు ఖాతా నిలిపివేయబడుతుంది, ఇక్కడ నొక్కండి' అని ఉండి, కింద ఒకటో నంబర్ ఎదురుగా బ్యాంకు పేరే లేని అడ్రస్ కనిపిస్తే మోసం అక్కడికక్కడే తెలుస్తుంది. చూసే అలవాటుండాలి, అది వేరే మాట.

గళ్ల తెర మీద గుండ్రటి అక్షరాలు

ఇక అసలు చిక్కు. టెర్మినల్ తెర అంటే గళ్ల కాగితం. అడ్డంగా 80, నిలువుగా 24, మొత్తం 1,920 గళ్లు. ఈ లెక్క 1978లో వచ్చిన వీటీ100 లాంటి యంత్రాల నుంచి పాతుకుపోయింది. పోచంపల్లి నేతలో చిటికి (నూలుకు రంగు అంటకుండా కట్టే ముడి) కట్టేముందు నమూనాను గళ్ల కాగితం మీద గీసుకుంటారు. గడి నిండిందా లేదా అన్నదే అక్కడ లెక్క, సగం గడి ఉండదు. టెర్మినల్ కూడా అంతే. ఇంగ్లీషు అక్షరం ఒక గడి. చైనా, జపాన్ అక్షరాలకు రెండేసి గళ్లని ఎప్పుడో తేల్చేశారు. తెలుగుకు అలా తేలలేదు.

'నల్లగొండ' అన్న పదాన్నే తీసుకుందాం. చదివేవారికి నాలుగు అక్షరాలు: న, ల్ల, గొం, డ. అన్ని లిపుల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో ఎనిమిది సంకేతాలు: న, ల, పొల్లు, ల, గ, ఒత్వం, సున్న, డ. టెర్మినల్ లెక్క ఈ రెండింటికీ భిన్నం. పొల్లుకు, ఒత్వానికి గడి ఇవ్వదు. రెండో 'ల' కింద వత్తుగా చేరాల్సి ఉన్నా దానికి విడిగా గడి ఇస్తుంది, సున్నకూ ఇస్తుంది. మొత్తం ఆరు గళ్లు. 'స్త్రీ' అన్నది ఒకే అక్షరం, టెర్మినల్‌కు మూడు గళ్లు.

ఇక్కడి నుంచి టెర్మినల్‌లు రెండు దారులు పడతాయి. కొన్ని వత్తులు కలపకుండా గడి గడికీ విడిగా గీస్తాయి. అప్పుడు 'నల్లగొండ' కాస్తా నకు దూరంగా 'ల్', ఇంకాస్త దూరంగా 'ల' అని విరిగి కనిపిస్తుంది. మరికొన్ని అక్షరాన్ని సరిగ్గానే కలిపి గీస్తాయి, కానీ వాటికి కేటాయించిన గళ్లలో కొన్ని ఖాళీ పడతాయి. కర్సర్ ఒక చోట, అక్షరం ఇంకో చోట. మట్ జాబితాలో పంపినవారి పేరుకు మామూలుగా 15 గళ్లు ఉంటాయి. నాలుగైదు తెలుగు పేర్లు వరసగా వచ్చాయంటే పక్కనున్న సబ్జెక్ట్ వరస వంకరటింకర అవుతుంది. ఎంఎల్‌టెర్మ్, కన్సోల్ అనే టెర్మినల్‌లు ఈ విషయంలో మిగతావాటికంటే మెరుగు, పూర్తి పరిష్కారం కాదు. మెయిల్ కూడా చూడగల ఈమాక్స్ అనే ఎడిటర్‌ను టెర్మినల్‌లో కాకుండా విండోలో తెరిస్తే వత్తులు చక్కగా వస్తాయి, 27వ వెర్షన్ నుంచి అది అక్షరాలను కలిపి గీసే హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ వాడుతోంది. అయితే అప్పుడు దాన్ని టెర్మినల్ మెయిల్ అనడం మాటవరసకే.

గమనించాల్సింది, చెడుతున్నది గీత మాత్రమే, ఉత్తరం కాదు. అదే మెయిల్‌ను ఫోన్‌లో తెరిస్తే శుభ్రంగా కనిపిస్తుంది. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఈస్పీక్ లాంటి ప్రోగ్రామ్‌కు కూడా పదం సరిగ్గానే అందుతుంది.

సబ్జెక్ట్ వరస కథ ఇంకాస్త పాతది. మెయిల్ హెడర్లు, అంటే పంపినవారు, సబ్జెక్ట్ లాంటి పై వరసలు, ఇంగ్లీషు అక్షరాలకే పుట్టాయి. తెలుగు సబ్జెక్ట్ పంపాలంటే దాన్ని సంకేత రూపంలోకి మార్చాలి, ఒక్కో ముక్క 75 అక్షరాలు దాటకూడదు. యూనికోడ్‌ను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక తెలుగు సంకేతానికి 3 బైట్లు. బేస్64లో మూడు బైట్లు నాలుగు అక్షరాలవుతాయి. ముక్క మొదట, చివర ఉండే గుర్తులు పోగా మిగిలిన చోట పట్టేది 15 తెలుగు సంకేతాలే. 'పాలమూరు విశ్వవిద్యాలయం పరీక్షల ఫలితాలు' అన్న మామూలు సబ్జెక్ట్ మూడు ముక్కలై ప్రయాణిస్తుంది. అక్షరం మధ్యలో విరవకూడదని నియమం ఉంది. దాన్ని పాటించని పాత సాఫ్ట్‌వేర్ ఎక్కడైనా దారిలో తగిలితే సబ్జెక్ట్ మధ్యలో ప్రశ్నార్థకాలు మొలుస్తాయి. ఆ నింద మాత్రం చూపించిన టెర్మినల్ మీద పడుతుంది.

రాయడంలో ఇంకో చిక్కు. మట్‌లో పనులన్నీ ఒంటి అక్షరాలతో జరుగుతాయి: 'జె' కిందికి, 'కె' పైకి, 'డి' తీసేయడానికి. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉంటే 'జె' మీట 'ర' అవుతుంది, 'డి' మీట పొల్లు అవుతుంది. మట్‌కు ఏదీ అర్థం కాక 'కీ ఈజ్ నాట్ బౌండ్' అంటుంది. విమ్‌లోనూ అదే గోల. ఒక వాక్యం తెలుగులో రాసి, సేవ్ చేయడానికి ఇంగ్లీషు కీబోర్డ్‌కు మారి, మళ్లీ తెలుగుకు రావాలి. పది వాక్యాల ఉత్తరానికి ఓపిక ఉండొచ్చు, రోజంతా తెలుగులో రాసే పనికి మాత్రం ఇది కుదరదు.

ఏ పనికి ఏది

ఐమ్యాప్‌లో ఉత్తరాల అసలు ప్రతులు సర్వర్ మీద కూడా ఉంటాయి కాబట్టి, టెర్మినల్‌కు మారినా ఫోన్‌లోని యాప్ వదులుకోవాల్సిన పని లేదు. ప్యాచ్‌లు, సర్వర్ల హెచ్చరికలు, ఇంగ్లీషులో నడిచే ఆఫీసు చర్చలు ఒక వైపు. తెలుగు ఉత్తరాలు, కాలేజీ సర్క్యులర్లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఇంకో వైపు. ఈ విభజనతో మొదలుపెడితే టెన్షన్ తక్కువ. ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఎంబీసింక్‌లో తీసివేతలు రెండు వైపులా జరగాలని సెట్ చేస్తే, ల్యాప్‌టాప్‌లో తీసేసింది సర్వర్ మీదా పోతుంది. మొదటి నెల ఆ సెట్టింగ్ జోలికి పోకపోవడం మంచిది.

ప్యాచ్ ఒక్కటే పని అయితే మట్ కూడా అక్కర్లేదు. కోడ్ మార్పుల లెక్క రాసే గిట్ అనే ప్రోగ్రామ్‌లో భాగమైన సెండ్-ఈమెయిల్ అనే ఆదేశం చాలు, జవాబులు ఎక్కడైనా చదువుకోవచ్చు. ఆ బీటెక్ అమ్మాయి తన పేరు తెలుగులో రాసి పంపినా దానికి అభ్యంతరం లేదు. ట్యాబ్‌లు ట్యాబ్‌లుగానే వెళ్తాయి, వరసలు విరగవు, ప్యాచ్ కలుస్తుంది. అవతల మట్‌లో తెరిచినవారికి మాత్రం ఆ పేరు, వత్తు ఉన్న చోట ఒక గడి ఎడంగా, విడిపోయి కనిపిస్తుంది.